కుడిచేతి వాటం నేర్చిన కారు

పిల్లలూ, ఈసారి మీరు బస్సు ఎక్కినప్పుడు డ్రైవరు ఏ పక్క కూర్చున్నాడో చూడండి. కుడిపక్కనే గదా! మన దేశంలో కారు గాని, లారీ గాని, బస్సు గాని నడిపేవాడు కుడివైపునే కూర్చుంటాడు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే గనక, అట్లా ఎందుకు కూర్చోవాలని మనకు తోచదు.

మన బళ్ళు రోడ్డుకు ఎడమపక్కన పోతాయి. ఎదురు వచ్చే బళ్ళు మనకు కుడిపక్కగా పోతాయి. అందుచేత రోడ్డు నడిమికి దగ్గరగా ఉండే సీటు కుడిసీటు. మన ముందు గడ్డిలారీ ఒకటి నత్తలాగా పోతున్నదనుకోండి. దాన్ని దాటాలంటే డ్రైవరు తల కాస్త కుడికి వంచితే చాలు, ఎదురుగా ఏం వస్తున్నదో తెలిసిపోతుంది. అదే మనిషి ఎడమసీటులో ఉంటే? గడ్డి తప్ప మరేమీ కనిపించదు. సగం కారు రోడ్డు నడిమికి వచ్చేశాక గాని ఎదుటి బండి అతని కంటబడదు. అప్పటికి ఆలస్యం కావచ్చు.

అమెరికాలో, ఫ్రాన్సులో, జర్మనీలో బళ్ళు కుడిపక్కన పోతాయి. అక్కడి డ్రైవరు ఎడమసీటులో కూర్చుంటాడు. మనకు ఎడమపక్క నడవటం ఇంగ్లీషువాళ్ళ నుంచి వచ్చింది. లండను వంతెన మీద బళ్ళన్నీ ఎడమపక్కనే పోవాలని వాళ్ళు 1756లో చట్టం చేశారు. 1835లో దేశంలోని రోడ్లన్నిటికీ అదే నియమం పెట్టారు. స్వీడను దేశంలో తమాషా జరిగింది. అక్కడ బళ్ళు ఎడమపక్కన పోయేవి, కాని కార్లలో చాలా భాగం ఎడమసీటు కార్లే! ఆఖరుకు 1967 సెప్టెంబరు 3న, ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు, దేశం దేశమంతా కుడిపక్కకు మారింది. మన పొరుగున ఉన్న బర్మా 1970లో కుడిపక్కకు మారింది గాని, కుడిసీటు బళ్ళు ఎన్నో అట్లాగే ఉండిపోయాయి.

రోడ్డును మార్చటం ప్రభుత్వాల పని. కారునే మార్చటం నేను కళ్ళారా చూశాను. ఆ సంగతి మీకు చెబుతాను.

2019లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండటానికి నేను ఇంగ్లండు వెళ్ళాను. ఆక్స్‌ఫర్డుకు దగ్గరగా, థేమ్సు నది ఒడ్డున ఆబింగ్డన్ అనే చిన్న ఊరున్నది. రాజుగారింట ఏదైనా శుభం జరిగితే ఆ ఊరి పెద్దలు మేడమీదికెక్కి జనం మీదికి రొట్టెలు విసురుతారు. మన వైపు పెళ్ళిళ్ళలో అక్షింతలు వేస్తాం గదా, వాళ్ళకు రొట్టెలు! అయితే ఆ ఊరు పేరు పొందింది రొట్టెలవల్ల కాదు, కార్లవల్ల. ఎమ్.జి. కార్లు అక్కడే తయారయేవి. 1929 నుంచి 1980 దాకా అక్కడ వాటి కార్ఖానా ఉండేది. ఎమ్.జి. అంటే మోరిస్ గరాజెస్. ఎనిమిది మూలల బిళ్ళలో ఆ రెండు అక్షరాలూ రాసి ఉంటాయి.

మా అమ్మాయివాళ్ళ ఎదురింటి పెద్దాయన ఆ కార్ఖానాలో పదిహేనో ఏట, 1957లో, చేరాడు. అది మూతపడే రోజుదాకా అక్కడే పనిచేశాడు. నేను వెళ్ళేనాటికి ఆయనకు 77 ఏళ్ళు. మనిషి బక్కపలచన, వేళ్ళు మాత్రం పట్టకార్ల లాగా ఉండేవి. నేను హెడ్మాస్టరుగా పనిచేశానని మా అమ్మాయి చెప్పటంతో నన్ను "మాస్టరుగారూ" అని పిలవటం మొదలుపెట్టాడు. రోజూ పదిగంటలకు ఆయన షెడ్డు తలుపు తెరుచుకునేది. నేను టీ కప్పు పుచ్చుకుని అక్కడికి చేరేవాణ్ణి.

ఆ షెడ్డులో ఉన్నది 1957లో తయారయిన ఎమ్.జి.ఏ. కారు. ఇద్దరు మనుషులకే చోటు. పైకప్పు గుడ్డది, కావాలంటే మడిచేయవచ్చు. తలుపులకు బయట పిడి అన్నదే లేదు! చెయ్యి లోపలికి పెట్టి లోపలి తాడు లాగితేనే తలుపు వస్తుంది. ఇంజను మూత ఎత్తగానే నాకు ఎవరో బంధువును చూసినట్లయింది. ఎందుకంటారా? 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను అది. మన అంబాసిడరు కారులో ఏళ్ళ తరబడి ఉన్నది ఆ జాతి ఇంజనే. దీనికి కార్బురేటర్లు రెండు, అంతే తేడా అనిపించింది. ఆ మాట చెబితే పెద్దాయన చాలా సంతోషించి, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా అంబాసిడర్లు చేశారని విని, "మాకన్నా 34 ఏళ్ళు ఎక్కువ బతికారు!" అన్నాడు.

కాని ఆ కారులో చక్రం ఎడమపక్కన ఉన్నది. ఇంగ్లండులో పుట్టిన కారుకు ఎడమసీటు ఏమిటి?

దీనికి కారణం యుద్ధం. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఇంగ్లండు చేతిలో డబ్బు లేదు. డాలర్లు కావాలి. ఎవరు తమ సరుకు పరదేశాలకు అమ్ముతారో వాళ్ళకే ఉక్కు ఇస్తామన్నది ప్రభుత్వం. అప్పట్లో ఎమ్.జి. వాళ్ళ టి.సి. అనే కారును కుడిసీటుతోనే చేసేవారు. అయినా అమెరికావాళ్ళు దాన్ని ముచ్చటపడి కొన్నారు. 1950 నాటి టి.డి. కారుకు ఎడమసీటు కూడా వచ్చింది. ఆ తరవాతి ఎమ్.జి.ఏ. 1955 నుంచి 1962 దాకా తయారయింది. మొత్తం లక్షకు పైగా చేస్తే, ఇంగ్లండులో అమ్ముడయినవి సుమారు 6 వేలు మాత్రమే! తక్కినవి ఓడలెక్కి పోయాయి. అందులోనూ చాలా భాగం అమెరికాకు.

ఇప్పుడు అవి తిరిగి వస్తున్నాయి. ఇంగ్లండులో వాన ఎక్కువ, చలికాలంలో రోడ్లమీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. ఉప్పూ నీళ్ళూ కలిస్తే ఇనుము తుప్పు పట్టిపోతుంది. కాలిఫోర్నియాలో ఆ బాధ తక్కువ. అందుకని పాతకార్లు కావలసినవాళ్ళు అక్కడినుంచి తెప్పించుకుంటారు. పెద్దాయన కారు కూడా అట్లా వచ్చిందే.

"మీరు చేసినదేనా ఇది?" అని అడిగాను ఒకనాడు.

"ఆ ఏడు నేను కుర్రవాణ్ణి. మా కార్ఖానాలో కారును యంత్రం లాగేది కాదు, మేమే చేతులతో తోసుకుంటూ ఒక చోటినుంచి మరొక చోటికి తీసుకుపోయేవాళ్ళం. దీన్ని తోసి ఉండవచ్చు, తోసి ఉండకపోవచ్చు. ఎట్లా చెప్పను?" అన్నాడాయన. నాకు ఆ జవాబు నచ్చింది. మరొకరైతే తప్పకుండా తోశానని చెప్పి ఉండేవారు.

ఇంగ్లండులో ఎడమసీటు కారు నడపరాదని చట్టం లేదు. మన దేశంలోనూ, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 120వ సెక్షను ప్రకారం, ఎడమచక్రం బండికి సైగ చూపే సాధనం సరిగా పనిచేస్తూ ఉండాలన్న షరతు ఉన్నది. కనక పెద్దాయన కారును అట్లాగే ఉంచుకోవచ్చు. రెండేళ్ళపాటు అట్లాగే నడిపాడు కూడా. ఆయన ఎవరినీ దాటిపోయే మనిషి కాదు.

ఆయన మనమరాలు అట్లా కాదు. ఆ అమ్మాయికి 22 ఏళ్ళు. ఆ కారు తన తరవాత ఆమెకే అని తాత ఎప్పుడో చెప్పాడు. ఆ వేసవిలో ఒకనాడు ఆమె స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టుకుని పల్లెదారిన పోతున్నది. ముందు ఎండుగడ్డి వేసుకున్న ట్రాక్టరు. ఈమెకు ఏమీ కనిపించక, కుడిసీటులోని స్నేహితురాలిని, "ఏమైనా వస్తున్నదా?" అని అడిగింది. ఆ పిల్లకు డ్రైవింగు రాదు. దూరాన లారీ వస్తున్నది గాని, అది ఎంత వేగంగా వస్తున్నదో పోల్చుకోలేక, "ఏమీ లేదు, పో!" అన్నది. లారీ డ్రైవరు గట్టుమీదికి ఎక్కించబట్టి ముగ్గురూ బతికారు.

ఆ సాయంత్రమే పెద్దాయన కారు తాళంచెవి తీసి తన కోటు జేబులో వేసుకున్నాడు. మనమరాలిని ఒక్క మాట కూడా అనలేదు. "పక్కవాళ్ళ కళ్ళతో నడపవలసిన కారు నీకు ఇవ్వను. చక్రం మారుద్దాం," అన్నాడు.

దీనికి అందరూ ఒప్పుకున్నారనుకోకండి. ఆయనతోబాటు కార్ఖానాలో పనిచేసిన స్నేహితుడొకడు ప్రతి శుక్రవారం వచ్చేవాడు. ఆయన వాదం ఏమంటే, ఆ కారు ఎడమచక్రంతో పుట్టింది, అమెరికా వెళ్ళింది, అరవై ఏళ్ళు తిరిగింది. అది దాని చరిత్ర. దాన్ని చెరిపే హక్కు ఎవరికున్నది? "పాత శాసనం మీద అక్షరాలు దిద్దుతారా?" అన్నట్లు మాట్లాడాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కాని శాసనం మీద కూర్చుని ఎవరూ రోడ్డున పోరు గదా! నేను మనమరాలి పక్షమే.

పెద్దాయన మాత్రం స్నేహితుడి మాట కొట్టిపారెయ్యలేదు. కారులోంచి ఊడదీసిన ప్రతి వస్తువునూ నూనెగుడ్డలో చుట్టి, చీటీ కట్టి, రెండు కొయ్యపెట్టెల్లో సర్దించాడు. చీటీలు రాసింది మనమరాలు. ఎవరికైనా ఎప్పుడైనా బుద్ధి పుడితే, మళ్ళీ వెనకటిలాగా మార్చుకోవచ్చు.

ఇహ పని సంగతి. ఎమ్.జి.ఏ. చేసినవాళ్ళు ముందుచూపు గలవాళ్ళు. ఇంజనుకూ మన కాళ్ళకూ మధ్య ఉండే రేకుగోడలో రెండు పక్కలా రంధ్రాలు పెట్టారు. ఏ పక్క చక్రం లేదో ఆ పక్క రంధ్రాన్ని బిళ్ళతో మూసి మరలు బిగించారు. మరలు విప్పితే చాలు, బిళ్ళ ఊడివచ్చింది. అన్ని కార్లకూ ఈ అదృష్టం ఉండదు. కొన్నిటికి రేకు కోసి, కొత్తది అతికించవలసి వస్తుంది. ఇంజనుకు కార్బురేటర్లూ, పొగగొట్టం మొదలూ ఎడమపక్కనే ఉన్నాయి. వెనక చక్రపు కడ్డీ వాటి సందున ఇరుక్కుని పోయేది. ఇప్పుడు కుడిపక్కన దానికి హాయిగా చోటు దొరికింది.

అన్నిటికన్నా ముఖ్యం స్టీరింగు. చక్రపు కడ్డీ చివర చిన్న పళ్ళచక్రం ఉంటుంది. దాని పళ్ళు ఒక పొడుగాటి పళ్ళబద్దలో ఇమిడి ఉంటాయి. చక్రం తిప్పితే బద్ద కుడికో ఎడమకో జరుగుతుంది. బద్ద రెండు కొసలూ ముందు చక్రాలకు కలిపి ఉంటాయి గనక అవి తిరుగుతాయి. ఈ బద్దకు పళ్ళచక్రం ఎడమ కొసకు దగ్గరగా ఉన్నది. దాన్ని కుడి కొసకు తేవాలి. కొత్త బద్ద కొనాలంటే డబ్బు.

అప్పుడు మా అల్లుడు, "కొత్తది ఎందుకు? ఉన్నదాన్నే తలకిందులుగా బిగిస్తే పళ్ళచక్రం కుడిపక్కకు వచ్చేస్తుంది గదా!" అన్నాడు. వినటానికి బాగానే ఉన్నది. పెద్దాయన నవ్వి, నా వంక చూసి, "మాస్టరుగారూ, మీరు చెప్పండి," అన్నాడు.

మీరూ చేసి చూడండి. ఒక దారపు రీలు తీసుకుని, కన్నంలో పెన్సిలు దూర్చి, రీలు గుండ్రటి ముఖం మీకు కనబడేట్టు పట్టుకోండి. మీ స్నేహితుణ్ణి రీలుకు పైన ఒక స్కేలూ, కింద ఒక స్కేలూ ఆనించి వదులుగా పట్టుకోమనండి. ఇప్పుడు గడియారం ముల్లు తిరిగేవైపుగా రీలు తిప్పండి. పై స్కేలు కుడికి పోతుంది. కింది స్కేలు ఎడమకు పోతుంది! పళ్ళబద్దను తలకిందులు చేస్తే, పళ్ళచక్రానికి ఒక పక్కన ఉన్న పళ్ళు దానికి ఎదుటి పక్కకు పోతాయి. అంటే మీరు చక్రం కుడికి తిప్పితే కారు ఎడమకు తిరుగుతుంది. మా అల్లుడు రీలూ స్కేళ్ళూ పదిసార్లు తిప్పి చూసి, మారుమాట్లాడకుండా టీ పెట్టటానికి పోయాడు. కుడిపక్క పళ్ళచక్రం ఉన్న బద్దనే కొన్నారు. కడ్డీని కోసి అతికించే పని కూడా పెద్దాయన ఒప్పుకోలేదు. ఆ కొలతకు చేసినదే వెయ్యాలన్నాడు.

కాళ్ళకింది మీటల సంగతి విచిత్రం. చక్రం పక్క మారింది గదా, అద్దంలో బొమ్మలాగా మీటలు కూడా తారుమారవుతాయని నేననుకున్నాను. అట్లా కావు. ఎడమసీటయినా, కుడిసీటయినా క్లచ్చి ఎడమకాలికే, బ్రేకు నడుమ, వేగం పెంచే మీట కుడికాలికే. గేరు కడ్డీ మాత్రం రెండు సీట్ల మధ్య ఉన్నచోటనే ఉండి, కుడిచేతి పని కాస్తా ఎడమచేతి పని అయింది. ముఖఫలకం అంతా కొత్తది వెయ్యవలసి వచ్చింది. వేగం చూపే గడియారం డ్రైవరు ఎదుట ఉండవద్దూ! దాని వెనక తీగలన్నీ మనమరాలే కలిపింది, రంగు రంగుకూ సరిచూసుకుంటూ, నాలుగు రోజులు.

ముందు దీపాలు కూడా మార్చారు. అది నాకు తట్టనే లేదు. ఎదుటివాడి కళ్ళు చెదరకుండా దీపాల వెలుగును కిందికి దించినప్పుడు, అది రోడ్డు అంచువైపు వాలుతుంది. అమెరికాలో అంచు కుడిపక్క. అవే దీపాలు ఇంగ్లండులో వేస్తే, వెలుగు తిన్నగా ఎదుటివాడి కళ్ళల్లో పడుతుంది.

ఆఖరున బ్రేకులు. ఈ కారులో బ్రేకుకూ క్లచ్చికీ కావలసిన ద్రవం ఒకే డబ్బాలో ఉంటుంది. డబ్బా కుడిపక్కకు వచ్చింది గనక గొట్టాలు కొత్తగా వంచి, కొసలు పువ్వులాగా విప్పి బిగించాలి. ద్రవాన్ని నొక్కితే అది అణగదు, కాలి బలాన్ని చక్రందాకా మోసుకుపోతుంది. గొట్టంలో గాలిబుడగ ఉన్నదంటే ఆ బలమంతా గాలిని అణచటానికే సరిపోతుంది. మీట నేలకంటా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. అందుకని ద్రవం పోసి, ఒకరు మీట తొక్కుతుంటే మరొకరు చక్రాల దగ్గర మర వదులు చేసి గాలి బయటికి పంపారు.

ఆ రాత్రి పెద్దాయన ప్రతి అతుకు కిందా ఒక తెల్లకాగితం పరిచి షెడ్డుకు తాళం వేశాడు. తెల్లవారి నలుగురం వెళ్ళి చూశాం. ఒక కాగితం మీద కందిగింజంత మచ్చ! అది మనమరాలు బిగించిన అతుకు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. తాత దాన్ని తాను సరిచెయ్యలేదు. స్పానరు ఆమె చేతికి ఇచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని పేపరు చదువుకున్నాడు. ఆమె గొట్టం విప్పి, కొస కోసి, మళ్ళీ విప్పారించి బిగించింది. మరునాడు కాగితాలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ పైరోజు కూడా తెల్లగానే ఉన్నాయి. మూడోనాటికి ఆయన కాగితాలు తీసివేశాడు.

40 ఏళ్ళు దాటిన పాతకార్లకు ఏటేటా జరిపే పరీక్ష అక్కరలేదని 2018లో ఇంగ్లండులో నియమం వచ్చింది. అయినా పెద్దాయన కారును పరీక్షకు పంపాడు. "చట్టం వద్దన్నా నాకు కావాలి," అన్నాడు. బ్రేకులూ, స్టీరింగూ, దీపాలూ అన్నీ సరిగా ఉన్నాయని కాగితం వచ్చింది. అప్పుడు కోటు జేబులోంచి తాళంచెవి బయటికి వచ్చింది.

మొదటిరోజు మనమరాలి పక్కన తాతే కూర్చున్నాడు. రెండోరోజు నన్ను రమ్మన్నారు. తలుపులోకి చెయ్యి పెట్టి తాడు లాగి, ఎట్లాగో వంగి ఎడమసీటులో చేరాను. ఊరు దాటి మూడు మైళ్ళు పోయామో లేదో, ముందు ట్రాక్టరు. ఆ అమ్మాయి తల కుడికి వంచి చూసింది. చూసి, వెనకే ఉండిపోయింది. కొంతసేపటికి పాలలారీ ఒకటి ఎదురుగా వచ్చి రయ్యిమని వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ తల వంచి చూసి, గేరు మార్చి, ట్రాక్టరును దాటించింది. ఈ మధ్య ఆమె నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అడిగినా నేనేం చెప్పగలను? నా వైపున గోధుమచేలు తప్ప మరేమీ కనిపించటం లేదు.